బీడు భూమిని లేపాలంటే ముందు గడ్డపార, మొక్క తర్వాత

జూన్ వచ్చిందంటే వాట్సాప్ నిండా అవే ఫోటోలు, ఒక్క మొక్క చుట్టూ పది మంది నిలబడి ఉంటారు, అందరి చెయ్యీ ఆ మొక్క మీదే. మార్చిలో అదే చోటికి పోయి చూడండి, గుంత ఉంటుంది గానీ మొక్క ఉండదు. మొక్కలు నాటొద్దని కాదు నేను చెప్పేది, పాడైపోయిన భూమిలో మొక్క నాటడం అయిదో పనో ఆరో పనో అవుతుంది, దాన్ని తెచ్చి మొదట్లో పెట్టుకుంటే నీళ్ళూ పోతాయి డబ్బులూ పోతాయి. ముందు చెయ్యాల్సినవి ఏంటి, ఏ వరసలో చెయ్యాలి అనేది ఇక్కడ రాస్తున్నా. ఎక్కువగా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల ఎర్ర నేలల గురించే రాస్తా, నాకు బాగా తెలిసింది అవే. పత్తికొండ వైపు, రాయచోటి వైపు, అటు నారాయణపేట వైపు ఎర్ర నేలలున్న వాళ్ళకి కూడా చాలావరకు పనికొస్తుంది. నల్లరేగడి వాళ్ళు మాత్రం కందకాల సంగతి ఉన్నదున్నట్టు తీసుకోకండి, ఆ నేల తీరు వేరు.

ముందు వాన లెక్క

మన దగ్గర ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ పడుతుంది. పడమటి కనుమల వెనక నీడలో ఉన్నాం కాబట్టి ముంగారు, అంటే నైరుతి మబ్బు, చాలావరకు అక్కడే కురిసేసి వస్తుంది, హింగారుకేమో, అంటే ఈశాన్య వానలకి, సముద్రం దూరం. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో మనది ఒకటి అని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. సరే తక్కువే, కానీ ఒకసారి లెక్క వేసి చూడండి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పడితే సుమారు 4,047 లీటర్లు, 550 పడితే 22 లక్షల లీటర్ల పైన, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 440 కంటే ఎక్కువే ఏడాదికి మీ ఒక్క ఎకరం మీద పడుతున్నాయి. మరి పోతున్నాయి ఎక్కడికి?

బోడిగా ఉన్న ఎర్ర నేల మీద వాన చినుకు గట్టిగా కొడితే మట్టి పెళ్ళలు పగిలి సన్నటి బంకమట్టి రంధ్రాల్లోకి దిగి మూసేస్తుంది, ఎండ తగిలాక అదే గట్టి పొరలాగా బిగుసుకుంటుంది. ఆ పైన పడ్డ వాన దిగదు, పారుతుంది, పారుతూ ఇంకొంచెం మట్టి ఎత్తుకుపోతుంది. దానికి తోడు మన వాన ఏడాది పొడుగునా నిదానంగా పడే రకం కాదు, నాలుగు రోజుల్లో దంచి మళ్ళీ నెల రోజులు కనపడదు. అందుకే ఒకే ఊళ్ళో ఒకే వానకి ఒక చేను రెండు వారాలు తట్టుకుంటుంది, పక్క చేను నాలుగో రోజుకే వాడిపోతుంది.

చెనక్కాయ, అదే వేరుశనగ, దాని గురించి కూడా ఒక మాట అనకుండా ఉండలేను. నలభై యాభై ఏళ్ళు అదే పంట, ఏటా చెట్టుని వేర్లతో సహా పీకుతాం, కాయ మండీకి కట్టె పశువులకి, చేన్లో మిగిలేది ఏమీ లేదు. ఆ తర్వాత నవంబర్ డిసెంబర్ నుంచి మళ్ళీ జూన్ జూలై దాకా నేల బోడిగా గాలికి ఎండకి వదిలేస్తాం. పంటని తిట్టడం కాదు, ఈ ఎండలకి తట్టుకుని నాలుగు డబ్బులిచ్చిన పంట అది, కానీ నేలకి మాత్రం ఏమీ తిరిగి ఇవ్వలేదు మనం.

భూమి ఎవరిది, మేపేది ఎవరు

గడ్డపార పట్టే ముందు కాగితం చూసుకోండి. సొంత పట్టా అయితే ఇబ్బంది లేదు, డి పట్టా (ప్రభుత్వం ఇచ్చిన భూమి) అయితే ఎవరి పేరు మీద ఉందో, పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం, అడవి అయితే ఫారెస్ట్ వాళ్ళ అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదపొద్దు. మీభూమి సైట్లో భూమి రికార్డులు, అంటే అడంగల్, 1బి తీసుకుని సర్వేయర్‌తో హద్దులు చూపించుకోండి, పని అంతా అయ్యి నాలుగు గడ్డి పరకలు లేచాకే హద్దు తగాదాలు మొదలవుతాయి, అప్పటిదాకా ఆ బీడు ఎవరికీ గుర్తుండదు.

దీనికంటే కష్టమైనది గొర్రెల వాళ్ళతో మాట్లాడటం. చాలామంది కంచె వేసేస్తే పనైపోయింది అనుకుంటారు. ఆ బీడు మీద ముప్పై ఏళ్ళుగా మంద తోలుకుంటున్న మనిషి ఒక పొద్దున వచ్చి చూసేసరికి కంచె ఉంటే ఏం చేస్తాడు, తెంపుతాడు, మనమైనా అదే చేస్తాం. కాబట్టి ముందు కూర్చుని మాట్లాడండి. మొత్తం మూసేయకుండా మూడు భాగాలు చేసి, ఒక భాగం రెండు మూడేళ్ళు పూర్తిగా మూసి, మిగతా రెండూ తెరిచి ఉంచండి. మూసిన దాంట్లో గడ్డి కోసుకుపోవచ్చు, మంద తోలకూడదు అని చెప్పండి. మూడేళ్ళకి అది తెరిచి ఇంకోటి మూయండి. బదులుగా మీ చేన్లో ఎండాకాలం మంద కట్టించుకోండి, వాళ్ళకి ఇవ్వాల్సిందేదో ఇవ్వండి, చేనుకి ఎరువు వస్తుంది. 2026ని ఐక్యరాజ్యసమితి పచ్చిక మైదానాల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది కూడా, మన గొల్ల కురుబ వాళ్ళకి ఆ సంగతి ఎవరైనా చెప్పారో లేదో మరి.

మంట ఇంకో పెద్ద శత్రువు. సంక్రాంతి దాటాక గడ్డి ఎండుతుంది, ఎవరో బీడీ పారేస్తారు, లేదా తగలబెడితే కొత్త గడ్డి బాగా వస్తుందని కావాలనే పెడతారు. ఒక్క మంటకి మూడేళ్ళ పని పోతుంది, చిన్న మొక్కలన్నీ పోతాయి, రాలిన ఆకు పోతుంది, నేల మళ్ళీ బోడి. జనవరి లోపే చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కేసి ఫైర్ లైన్ తీయండి, పెద్ద భూమి అయితే మధ్యలో కూడా అడ్డంగా ఒకటి రెండు తీయండి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 1990లో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారు, తర్వాత చుట్టుపక్కల ఊళ్ళతో కలిసి కల్పవల్లి పేరుతో వేల ఎకరాల ఉమ్మడి బీడుని కాపాడుతూ వచ్చారు. అక్కడ మంట ఆపడమే సగం పని. ఇప్పుడు ఆ గుట్టల మీద బోద గడ్డి, ఈత చెట్లు ఉన్నాయి, జనం కోసుకుని కొట్టాల మీద కప్పుకుంటారు, చీపుర్లు కడతారు. అందులో ఎక్కువ భాగం ఎవరూ నర్సరీ నుంచి తెచ్చి నాటింది కాదు.

వానలో గొడుగేసుకుని పోండి

భూమిని చదవడానికి ఒకటే టైం, వాన పడుతున్నప్పుడు. నీళ్ళు మీ భూమిలోకి ఏ వైపు నుంచి వస్తున్నాయి, ఎక్కడ చేరి ఒకటి అవుతున్నాయి, ఎక్కడ కోత మొదలవుతుంది, ఎక్కడ ఎర్రగా ఎక్కడ తేటగా ఉన్నాయి, ఇవి చూసి పుల్లలు గుచ్చి రండి. ఎండాకాలం అయితే వేర్లు బయటపడిన పొదలు, కింద మట్టి కొట్టుకుపోయి దిమ్మె మీద కూర్చున్నట్టున్న రాళ్ళు, ఇవి చెప్తాయి ఎంత మట్టి పోయిందో.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. పాత డబ్బా ఒకటి రెండు వైపులా కోసి గొట్టంలాగా చేసి, నేలలోకి నాలుగు వేళ్ళ లోతు దించి, ఒక లీటరు నీళ్ళు పోసి ఫోన్లో టైం చూడండి. బోడి నేల మీద ఒకసారి, అదే చేన్లో ఏ రేగు పొద కిందో ఇంకోసారి. పొద కింద చాలా తొందరగా ఇంకుతుంది, ఆ తేడా మీ కళ్ళతో మీరు చూశాక ఇక ఎవరూ మీకు లెక్చర్ ఇవ్వక్కర్లేదు. అలాగే మోకాలి లోతు గుంత రెండు మూడు చోట్ల తవ్వి, మట్టి ఎంత ఉంది గరుసు ఎక్కడ తగులుతుంది అనేది చూసి పెట్టుకోండి, ఎక్కడ చెట్టు పెట్టాలో ఎక్కడ గడ్డితో సరిపెట్టుకోవాలో దీని మీదే ఆధారపడుతుంది.

ఎ ఫ్రేమ్

వాలు మీద ఒకే లెవెల్‌లో గీత పట్టుకోవడానికి కర్రలతో చేసుకునే పనిముట్టు ఇది. బాగా వివరంగా రాస్తా, ఎందుకంటే మొత్తం పనంతా దీని మీదే నిలబడుతుంది, కందకం లెవెల్ తప్పితే నీళ్ళు ఆపడానికి బదులు ఒక మూలకి తోలి కొత్త వంక చేస్తుంది. ఏడడుగుల కర్రలు రెండు తీసుకుని పైన కట్టేయండి, కింద కాళ్ళ మధ్య ఆరడుగుల ఎడం ఉండేట్టు చూసి మధ్యలో అడ్డంగా ఇంకో కర్ర కట్టండి. పై ముడి నుంచి దారానికి ఒక రాయి వేలాడదీయండి, దారం అడ్డకర్రని దాటి కిందికి దిగాలి. ఇప్పుడు రెండు కాళ్ళూ ఎక్కడ ఆనాయో నేల మీద గుర్తు పెట్టి, దారం అడ్డకర్ర మీద ఎక్కడ పడిందో గీత గీయండి. తర్వాత ఫ్రేమ్‌ని తిప్పి, ఎడమ కాలు ఉన్న చోట కుడి కాలు, కుడి ఉన్న చోట ఎడమ పెట్టి మళ్ళీ గీత గీయండి. రెండు గీతలకీ సరిగ్గా మధ్యలో పెద్ద గీత గీస్తే అదే లెవెల్.

ఇక వాలు పైనుంచి మొదలుపెట్టండి. ఒక కాలు ఆనించి, రెండో కాలు పైకీ కిందికీ జరుపుతూ దారం మధ్య గీత మీదకి వచ్చేదాకా చూసి, అక్కడ పుల్ల గుచ్చి, ఆ కాలుని అక్కడే ఉంచి మొదటి కాలు ముందుకి తిప్పండి. ఇట్లా భూమి ఈ చివర నుంచి ఆ చివర దాకా. గాలి ఎక్కువ ఉన్నప్పుడు చెయ్యకండి, దారం ఊగుతూ ఉంటుంది, పొద్దున్నే అయితే ప్రశాంతంగా ఉంటుంది. పుల్లల గీత వంకర టింకరగా వస్తుంది, అది అట్లానే రావాలి, అందం కోసం తిన్నగా సరిచేయకండి, మరీ కోణాలుగా ఉన్న చోట కొంచెం నునుపు చేస్తే చాలు. జేసీబీ వాడు వచ్చి నేను కంటితో చూసి తీసేస్తా సార్ అంటాడు, వద్దని చెప్పండి.

కందకాలు ఎన్ని కావాలి

మామూలుగా రెండు మీటర్ల పొడుగు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు తీస్తారు, అంటే ఒక కందకంలో 500 లీటర్లు పడతాయి. ఇప్పుడు 20 మిల్లీమీటర్ల వాన ఒకటి వచ్చిందనుకోండి, ఎకరం మీద 81 వేల లీటర్లు, అందులో మూడో వంతు పారిపోతుంది అనుకుంటే 27 వేల లీటర్లు. ఆపాలంటే 54 కందకాలు కావాలి. చదరంగా ఉన్న ఎకరం ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు ఉంటుంది, పది మీటర్లకో వరస అంటే ఆరు వరసలు, వరసకి తొమ్మిది. పెద్ద వాన వస్తే నిండి పొర్లుతాయి, పొర్లనివ్వండి, అన్ని నీళ్ళూ ఆపాలని చూడకండి, కిందున్న చెరువుకి కూడా నీళ్ళు పోవాలి కదా. ఏటవాలు ఎక్కువైతే వరసలు దగ్గర చెయ్యండి.

రెండు కందకాల మధ్య ఖాళీ ఉంటుంది కదా, ఆ ఖాళీకి సరిగ్గా ఎదురుగా కింది వరసలో కందకం రావాలి. తవ్విన మట్టి పల్లం వైపు వెయ్యండి, అదీ అంచు మీద కాకుండా ఒక అడుగు వదిలి, లేకపోతే మొదటి వానకే మట్టి మళ్ళీ కందకంలోకి జారిపోతుంది. ఆ మట్టి కట్ట మీదే తర్వాత విత్తనాలు పడతాయి. గుట్ట మీద తవ్వడానికి వీల్లేని రాతి చోట గీత వెంబడి రాళ్ళు అడుగు ఎత్తున పేర్చండి చాలు. రాళ్ళ కోసం వాలు మీద పరుచుకున్నవన్నీ ఏరేయకండి, ఆ రాళ్ళే కింద మట్టిని చినుకు దెబ్బ నుంచి కాపాడుతున్నాయి.

ఉపాధి హామీ దేశంలో మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. కందకాలు, రాతి కట్టలు, నీటి కుంటలు ఉపాధి పనుల్లో ఎప్పటి నుంచో చేయిస్తూనే ఉన్నారు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఇప్పుడు ఏది ఎట్లా ఉందో ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడిగి, గ్రామసభలో మీ సర్వే నంబర్ రాయించండి. కొలత ప్రకారం డబ్బులిచ్చే పని కదా, ఎన్ని ఘనపు మీటర్లు తవ్వారు అని చూస్తారు గానీ లెవెల్‌లో ఉందా లేదా అని ఎవరూ చూడరు, అది మీరే దగ్గరుండి చూసుకోవాలి.

వంకలు, గండ్లు

కోత పడిన వంకని కింద నుంచి కాదు, పుట్టిన చోట నుంచి పట్టుకోవాలి. చాలా ఊళ్ళల్లో ముందే కింద ఒక సిమెంట్ చెక్ డ్యామ్ కట్టేస్తారు, శిలాఫలకం పెట్టుకోవడానికి బాగుంటుంది, పైన ఏ పనీ జరగలేదు కాబట్టి కొన్ని వానలకే మట్టితో నిండిపోతుంది. పైన వేలెడు లోతు కోతలున్న చోట కంప, రాళ్ళు అడ్డం వేస్తే చాలు, అవి పెద్దవై కలిసిన చోట రాతి కట్టలు.

రాతి కట్టలో మూడు విషయాలు మర్చిపోకండి. రెండు ఒడ్డుల్లోకీ అడుగున్నర గాడి తీసి రాళ్ళు లోపలికి దించాలి, లేకపోతే నీళ్ళు పక్క నుంచి ఒడ్డుని కోసుకుని పోతాయి. కట్ట మధ్య భాగం ఒడ్డుల కంటే తక్కువ ఎత్తులో ఉండాలి, పొర్లేది మధ్యలో నుంచే పొర్లాలి. పొర్లిన నీళ్ళు పడే చోట కింద రాళ్ళు పరచాలి. ఎడం ఎంత అంటే, పై కట్ట అడుగు, కింది కట్ట తల ఒకే లెవెల్‌లో ఉండాలి, వంక 20 మీటర్లకి ఒక మీటరు దిగుతుంటే మీటరు ఎత్తు కట్టలు 20 మీటర్లకొకటి. కట్ట వెనక మట్టి చేరుతుంది, చేరిన మట్టిలో వావిలి కొమ్మలు గుచ్చండి, ఒడ్డున కిత్తనార పెట్టండి, రెండూ గొర్రెలు ముట్టవు.

హగరి ఒడ్డున ఇసుక

కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు సంగతి పూర్తిగా వేరు, అక్కడ నీళ్ళు కాదు గాలి ప్రాబ్లం. వేదవతి, అదే హగరి, ఎండిపోయిన నదిలో ఇసుక పడమటి గాలికి లేచి పొలాల మీదకి దిబ్బలుగా వస్తుంది. అక్కడ కందకం తీస్తే సాయంత్రానికి పూడిపోతుంది. జోధ్‌పూర్‌లో ఎడారి నేలల పరిశోధన సంస్థ కాజ్రి వాళ్ళు థార్‌లో చేసే పద్ధతి పనికొస్తుంది, గాలికి అడ్డంగా కంప, జొన్న దంటు, ఏది దొరికితే అది మోకాలెత్తున వరసలుగా గుచ్చుతూ గళ్ళు గళ్ళుగా చెయ్యడం. గడిలో ఇసుక కదలడం తగ్గాక గడ్డి విత్తనం, అది పట్టుకున్నాక కానుగ, సరుగుడు లాంటివి. పని ముంగారు గాలులు లేవక ముందే అయిపోవాలి. నదిలో ఇసుక తవ్వకం, పైన నీళ్ళు రాకపోవడం, వీటి గురించి మాట్లాడకుండా దిబ్బల మీద మాత్రమే పని చేస్తే ఏటా చేస్తూనే ఉండాలి, అది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు.

గడ్డి, విత్తనం, మోడు

కందకాలు అయిన మొదటి ఏడాది మొక్కలు కొనకండి. మట్టి కట్టల మీద విత్తనాలు వెయ్యండి, తంగేడు, సీతాఫలం, రేగు, కానుగ, చింత, నల్లతుమ్మ. వేప గింజ ఎక్కువ రోజులు నిలవ ఉండదు, జూన్ జూలైలో పండు రాలుతుంది, రాలిన రోజుల్లోనే ఏరి వేసేయండి, సంచిలో కట్టి వచ్చే ఏడాదికి అంటే మొలవదు. తుమ్మ గింజకి తోలు మందం, మేకల దొడ్లో ఎరువుతో పాటు దొరికే గింజలు అయితే సులువుగా మొలుస్తాయి, లేకపోతే వేడి నీళ్ళల్లో వేసి రాత్రంతా అట్లాగే నానబెట్టండి. గడ్డికి స్టైలో విత్తనం దొరికితే మంచిది, నత్రజని కూడా పడుతుంది నేలలో, మన బోద గడ్డి ఎటూ తనంతట తనే వస్తుంది మేత ఆపితే.

మోడులు మర్చిపోకండి అసలు. బీడు అంటే ఏమీ లేదని కాదు, పొయ్యి కట్టెలకి నరికి నరికి పిడికెడు ఎత్తున మిగిలిన మోడులు ఉంటాయి, వాటి వేర్లు ఎప్పటివో, లోతుగా ఉంటాయి. ఒక్కో మోడుకి పది పిలకలు వస్తే బలమైనవి రెండు ఉంచి మిగతావి కోసేయండి, రెండేళ్ళలో మనిషెత్తు అవుతుంది, నర్సరీ మొక్క ఎప్పటికీ అంత స్పీడుగా రాదు. ఆఫ్రికాలో నైజర్ దేశపు రైతులు లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి తెచ్చుకున్నది ఇట్లా మోడుల పిలకలు కాపాడే.

సర్కారు తుమ్మ సంగతి అందరూ అడుగుతారు. జేసీబీ పెట్టి ఒకేసారి పీకేస్తే నేల మొత్తం మళ్ళీ బోడి అవుతుంది, పైగా విత్తనాలు ఎటూ నేలలో ఉంటాయి, వానకి రెట్టింపు లేస్తుంది. పట్టీలు పట్టీలుగా తీయండి, ఒక పట్టీ తీసి అందులో వేరేవి నిలబడ్డాక పక్క పట్టీ. నరికితే సరిపోదు, మొదలు కింద భూమిలో అడుగు దాకా తవ్వి తీస్తేనే మళ్ళీ చిగురించదు.

ఇప్పుడు మొక్క

రెండో ఏడాది, కందకాల కింద మట్టి తడి పట్టుకోవడం మొదలయ్యాక. గుంతలు మే నెలలో తీసి ఎండనివ్వండి. మన దగ్గర ముంగారు మొదటి వానలని నమ్మి జూన్‌లో నాటితే జూలై ఎండకి పోతుంది, నాకైతే ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో నాటడమే మేలనిపిస్తుంది, మన వాన ఎక్కువగా పడేది సెప్టెంబర్ అక్టోబర్‌లోనే. నర్సరీలో ఎత్తు చూసి మోసపోకండి, సంచి అడుగున వేరు చుట్టుకుపోయి ఉంటే ఆ మొక్క ఎప్పటికీ లోతుకి దిగదు, చుట్టుకున్న వేరు బ్లేడుతో కోసేసి నాటండి. మొక్క చుట్టూ పల్లం వైపు అర్ధచంద్రంలా కట్ట పోయండి, ఎగువ వైపు తెరిచి ఉంచితే పారే నీళ్ళు వచ్చి ఆగుతాయి. మొక్క మొదలు చుట్టూ రాళ్ళు పేర్చండి, తడి ఆరదు. పక్కన చిల్లు పడిన మట్టి కుండ పాతి చిల్లులో గుడ్డ వత్తి పెట్టి వారానికోసారి నింపితే మొదటి ఎండాకాలం గడిచిపోతుంది. చుట్టూ రేగు కంప. ఎకరానికి రెండొందల మొక్కలు నాటి వదిలేసే కంటే నలభై నాటి నీళ్ళు పొయ్యడం నయం.

సాగు చేసే చేనుకి

పైన చెప్పిందంతా బీడుకి. కింద పంట వేసే చేను ఉంటే ముందు దున్నకం వాలుకి అడ్డంగా మార్చండి, ట్రాక్టర్ డ్రైవర్‌కి పొడుగు సాలు ఇష్టం, వాలు వెంబడి పోతాడు, ఒప్పుకోకండి. చెనక్కాయలో ఏడు సాళ్ళకి ఒక సాలు కంది వెయ్యండి, మధ్య మధ్యలో గొడ్డు సాలు వదలండి, వాన నీళ్ళు అందులో ఆగుతాయి. గట్ల మీద గ్లిరిసిడియా పెట్టి ఏడాదికి రెండు మూడు సార్లు రొట్ట కోసి చేన్లో వెయ్యండి. గట్టుకి మరవ, అంటే ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే దారి, రాళ్ళతో కట్టండి, మరవ లేని గట్టు పెద్ద వానకి తెగుతుంది.

నేల బోడిగా ఉండకుండా చెయ్యడానికి ప్రకృతి వ్యవసాయం వాళ్ళు, అంటే రైతు సాధికార సంస్థ తరఫున పనిచేసే వాళ్ళు, వానలకి ముందే నవధాన్యాలు చల్లిస్తున్నారు. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, పెసర, ఉలవ, అనుములు, ఆముదం, జీలుగ ఇట్లా ఎన్ని రకాలు దొరికితే అన్ని, బంకమట్టి, పేడతో చేసే ఘనజీవామృతం పట్టించి ఎండాకాలంలోనే పొడి నేలలో వేసి పైన చెత్త కప్పుతారు. వేసవి వాన ఒక్కటి పడినా లేస్తాయి, పశువులకి మేత అవుతుంది, మిగతాది నేలలో కలిపి అసలు పంట వేసుకోవచ్చు. పైన కప్పడానికి చెత్త దొరకడమే మన దగ్గర కష్టం, చెనక్కాయ పొట్టు, కంది కట్టె ఏది ఉంటే అది, అసలు లేకపోతే విత్తనం కొంచెం తగ్గించి వేసి చూడండి.

చెరువు పూడిక మట్టి దొరికితే వదలకండి, ఎర్ర నేల తడి పట్టుకోవడానికి అంత మంచిది ఇంకోటి లేదు. కానీ తోలే ముందు చౌడు ఉందేమో మట్టి పరీక్ష చేయించండి. పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, చెరువు కట్టడానికి పన్నెండు అంగాలు ఆరు దోషాలు అని లెక్కపెట్టి చెప్పారు అందులో, చౌడు నేల అప్పుడే దోషాల లిస్టులో ఉంది.

నీటి కుంట తవ్వితే ఒకటి తేల్చుకోండి, బోరుకి ఊట కోసమా పంటకి తడి కోసమా. ఊట కోసమైతే గరుసు నేలలో వదిలేయొచ్చు, ఎంత ఇంకితే అంత మంచిది. తడి కోసమైతే అడుగున షీటో సిమెంటో వెయ్యాలి. లక్ష లీటర్లు ఉంటే రెండున్నర ఎకరాలకి 10 మిల్లీమీటర్ల తడి ఒకటి ఇవ్వొచ్చు స్ప్రింక్లర్లతో, చెనక్కాయ ఊడ దిగే టైంలో, కాయ ఊరే టైంలో ఆ ఒక్క తడే పంటకి ప్రాణం.

బోర్లు

మూడు నాలుగేళ్ళకి పక్కన బోర్లలో నీళ్ళు పెరుగుతాయి, పెరిగిన రోజే అసలు గొడవ మొదలు. ఎవరో ఒకరు ఇంకో బోరు వేసి చీనీ (బత్తాయి) తోట పెడతారు, రెండేళ్ళకి అందరివీ ఎండుతాయి. 2002 నుంచి నీరు, భూమి, చెట్ల కోసం వాల్టా చట్టం ఉంది, అనుమతి లేకుండా బోరు వెయ్యకూడదు అని, ఎంత మంది అడుగుతున్నారో మీకే తెలుసు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఊళ్ళో రాసుకోండి, కొత్త బోర్లు వద్దు, వరి వద్దు, ఉన్న బోర్లు ఎట్లా పంచుకోవాలి అని. మహారాష్ట్రలో హివరే బజార్ అనే ఊరి వాళ్ళు ఏటా వాన కొలిచి దాని ప్రకారం ఏ పంట ఎంత వెయ్యాలో గ్రామసభలో తేల్చుకుంటారు. మన దగ్గర కూడా ఏపీ ఫామ్‌జీఎస్ (APFAMGS), అంటే భూగర్భ జలాలని రైతులే చూసుకునే ప్రాజెక్టు, ఉన్న రోజుల్లో రైతులే వాన కొలిచేవాళ్ళు, బోరు మట్టం కొలిచి గోడ మీద రాసేవాళ్ళు. వానమాపిని ఎవరో ఒకరి మిద్దె మీద పెట్టి, పొద్దున ఎనిమిదిన్నరకి చూసి నోట్‌బుక్‌లో రాస్తే చాలు, బడి పిల్లలైనా చేస్తారు.

పని పట్టిందా లేదా అని చూడటానికి ప్రతి అక్టోబర్‌లో ఒకే రాయి మీద నిలబడి ఒకే వైపు ఫోటో తీయండి. మొదటి ఏడాది ఫోటోలో పెద్ద తేడా కనపడదు, కందకాలు తప్ప. రెండో ఏడాదికి గడ్డి రకాలు పెరుగుతాయి, పొర్లే నీళ్ళ రంగు ఎరుపు తగ్గుతుంది. మూడో ఏడాదికి కందకాలు సగం పూడి ఉంటాయి, ఆ మట్టి తీసి పల్లం వైపు కట్ట మీద వేసేయండి, మొత్తం తీయక్కర్లేదు, అప్పటికి గడ్డి పట్టిన చోట కందకం అవసరం తగ్గుతుంది, బోడిగా ఉన్న చోట మాత్రం మళ్ళీ అర మీటరు లోతుకి తీయండి. ప్రతి ఏడాది మొదటి పెద్ద వాన తర్వాత పార తీసుకుని ఒక రౌండ్ వెయ్యండి, ఎక్కడ ఎలుకలు బొరియ చేశాయో, ఎక్కడ కట్ట కొస తెగిందో అప్పుడే కనపడుతుంది, ఆ రోజు రెండు పారల మట్టితో పోయేది వదిలేస్తే రెండో వానకి ట్రాక్టర్ పెట్టినా సరిపోదు.